చెబితే ఏమవుతుంది?

2014 జులైలో బెంగళూరులో ఉన్నవాళ్ళకు మారతహళ్ళి అనగానే ట్రాఫిక్ కంటే ముందు ఇంకో సంగతి గుర్తొస్తుంది. అక్కడి ఒక ప్రైవేటు బడి ఆవరణలోనే ఆరేళ్ళ పాప మీద అఘాయిత్యం జరిగిందన్న వార్త బయటికొచ్చింది. ఐటీ కంపెనీల్లో పనిచేసే తల్లిదండ్రులు ఆఫీసులు మానుకుని రోడ్డు మీద బైఠాయించారు. ఆ తర్వాత నగరంలోని బడులన్నిటికీ పోలీసులు నిబంధనలు పంపారు. వరండాల్లో సీసీ కెమెరాలు, సిబ్బంది పూర్వాపరాల తనిఖీ, గేటు దగ్గర రిజిస్టరు, బస్సులో ఆయా.

అవి అక్కర్లేదని నేననను. కానీ కెమెరా లేని చోట్లే పిల్లల జీవితంలో ఎక్కువ. ట్యూషన్ మాస్టారింటి ముందుగది, పక్క ఫ్లాటు, పెళ్ళిలో విడిదిల్లు, వేసవి సెలవుల్లో మేడ మీద పరిచిన పక్కలు. అక్కడ ఏదైనా జరిగితే మనకు తెలిసే దారి ఒక్కటే, పిల్లలు నోరు తెరిచి చెప్పడం. బడులకు వెళ్ళి పిల్లలకు భద్రత పాఠాలు చెప్పే పని నాది. ఆ పనిలో నాకు బాగా అర్థమైంది, చెప్పేముందు పిల్లలు మనసులో ఒక లెక్క వేసుకుంటారని. 'చెబితే ఏమవుతుంది?' ఈ పూట ఆ లెక్క గురించే మాట్లాడతాను.

2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ ఒక పెద్ద అధ్యయనం ప్రచురించింది. 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను అడిగారు. ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు తమకు ఎదురైందన్నవాళ్ళు 53.22 శాతం. ఎక్కువగా నమోదైన నాలుగు రాష్ట్రాల్లో అప్పటి మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఇంకో అంకె చెబితే తల్లిదండ్రుల సమావేశాల్లో ఎప్పుడూ ఒక్క క్షణం ఎవరూ కదలరు. వేధింపు ఎదురైందన్న ఆ పిల్లల్లో 52.94 శాతం అబ్బాయిలు. వేధించినవాళ్ళలో సగం మంది పిల్లలకు తెలిసినవాళ్ళు, పిల్లలు నమ్మినవాళ్ళు. ఇన్నిటి మధ్య నేను ఎక్కువసార్లు చదువుకున్న వాక్యంలో అంకే లేదు. చాలామంది పిల్లలు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు అన్నదే ఆ వాక్యం.

చిత్రమేమిటంటే, ఆ అధ్యయనం వచ్చిన 2007లోనే బడుల్లో కౌమార విద్య పాఠాలు వద్దని అడ్డుకున్న రాష్ట్రాల్లో కర్ణాటక కూడా ఉంది. పిల్లలు చెడిపోతారన్నది భయం. ఇదే బెంగళూరులో అంతకు ఆరేళ్ళ ముందే, 2001లో, డాక్టర్ సంగీతా సక్సేనా, డాక్టర్ శైబ్యా సల్దానా అనే ఇద్దరు గైనకాలజిస్టులు ఎన్‌ఫోల్డ్ అనే సంస్థ పెట్టి బడులకు వెళ్ళడం మొదలుపెట్టారు. శరీరం గురించి సిగ్గు లేకుండా మాట్లాడటం, తన భద్రత తాను తెలుసుకోవడం, ఎదుటివాళ్ళను గౌరవించడం, మూడూ కలిపి ఒకే పాఠంగా చెప్పాలన్నది వాళ్ళ పద్ధతి. పిల్లలు చెడిపోతారన్న భయానికి యునెస్కో 2018లో సవరించి తెచ్చిన మార్గదర్శకాల్లో జవాబుంది. దేశదేశాల అధ్యయనాలు చూశాక వాళ్ళు చెప్పింది, ఇలాంటి పాఠాలు విన్న పిల్లలు తొందరపడరని, పైగా జాగ్రత్త నేర్చుకుంటారని.

బడికి వెళ్ళగానే హెడ్మాస్టర్లు తరచూ పక్కకు పిలిచి చెప్పే మాట ఒకటుంది. "మేడమ్, ఆ గుడ్ టచ్ బ్యాడ్ టచ్ చెప్పేసి ముగించండి, మిగతావి మనకెందుకు?" వాళ్ళ ఇబ్బంది నాకు తెలుసు. కానీ మంచిగా అనిపించింది మంచిది, చెడుగా అనిపించింది చెడ్డది అని నేర్పితే పిల్లలు చిక్కుల్లో పడతారు. పిల్లలను వేధించేవాడు మొదటిరోజే నొప్పి పెట్టడు. చాక్లెట్ ఇస్తాడు, ఫోన్లో గేమ్ ఆడుకోనిస్తాడు, అమ్మ తిడితే వెనకేసుకొస్తాడు. పిల్లకు బాగానే ఉంటుంది. మరోపక్క డాక్టరు సూది పొడిస్తే ఏడుపొస్తుంది, అది మంచికే. అందుకని అనుభూతి మీద వదిలేయకుండా నియమంగా చెబుతాం. బట్టల లోపల ఉండే భాగాలను శుభ్రం చేయడానికో, వైద్యానికో తప్ప ఎవరూ చూడకూడదు, ముట్టుకోకూడదు, వాళ్ళవి చూడమనకూడదు, ఆ బొమ్మలూ వీడియోలూ చూపించకూడదు. ఎవరైనా ఈ నియమం తప్పితే, ఎంత ఇష్టమైనవాళ్ళైనా సరే, వచ్చి చెప్పాలి. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంటే తప్పకుండా చెప్పాలి. ఆ భాగాల పేర్లు కూడా మామూలుగానే పలుకుతాం. మొదట కిసుక్కుమంటారు, పది నిమిషాల్లో సర్దుకుంటారు. వెనక కూర్చున్న టీచర్లకే ఇంకాస్త టైము పడుతుంది.

పాఠం చివర ఒక చిన్న పని ఇస్తాం. కాగితం మీద అరచేయి పెట్టి చుట్టూ పెన్సిలుతో గీసుకోవాలి. ఒక్కో వేలి మీద, కష్టమొస్తే ఎవరికి చెప్పుకుంటారో వాళ్ళ పేరు రాయాలి. వర్తూరు వైపు ఒక ప్రభుత్వ బడిలో, నాలుగో తరగతి అనుకుంటా, ఒక బాబు బొటనవేలి మీద 'అమ్మ' అని రాసి రబ్బరుతో తుడుస్తున్నాడు. కట్టడాల పని కోసం కదిరి నుంచి వచ్చి రేకుల షెడ్లలో ఉంటున్న కుటుంబం. బడిలో కన్నడ, ఇంట్లో తెలుగు. తుడిచినచోట 'అవ్వ' అని రాశాడు.

"అవ్వ ఎక్కడుంటాది నాన్నా?"

"కదిరిలో."

"మరి ఎట్ల చెప్తావు?"

"ఆదివారం నాయన ఫోనిస్తాడు."

"నాయన పక్కనే ఉంటాడు కదా అప్పుడు?"

కాసేపు ఆలోచించాడు. "ఉంటే చెప్పను."

అమ్మను ఎందుకు తుడిచావని అడిగాను. "అమ్మకు చెప్తే ఏడుస్తాది" అన్నాడు. ఆ పిల్లవాడికి ఏమీ జరగలేదు, ఉత్తగా లెక్క వేశాడంతే. చెబితే అమ్మ ఏడుస్తుంది, నాయన కొడతాడు, అవ్వ దూరం. చివరికి ఆ వేళ్ళలో నిండినవి రెండే. రెండోది షెడ్ల దగ్గరుండే వాచ్‌మన్ తాత. ఇదే పని ఒక ఖరీదైన బడిలో ఇచ్చినప్పుడు ఒక పాప అయిదు వేళ్ళూ గబగబా నింపేసింది. అందులో ముందు వచ్చింది వంట చేసే అక్క, ఆ తర్వాత డ్రైవరు మామ. నాన్న పేరు అయిదింట్లో లేదు. డబ్బుకూ ఈ వేళ్ళకూ సంబంధం లేదని చెప్పడానికి ఇది చెబుతున్నాను. ఈ సాయంత్రం మీ ఇంట్లో పిల్లల చేత కూడా ఆ చేయి గీయించండి. మీ పేరు లేకపోతే మాత్రం 'నా పేరేదీ?' అని నిలదీయకండి, మళ్ళీ లెక్క తప్పుతుంది.

పిల్లలు చెప్పేది కూడా మనం అనుకున్నట్టు ఉండదు. పూర్తి వాక్యంలో వచ్చి ఫిర్యాదు చేయరు. "ఇంక ట్యూషన్‌కు పోను" అంటారు. "ఆ మామ మనింటికి ఎందుకొస్తాడు?" అంటారు. మనం పోపు మాడిపోతుందనే తొందరలో ఉంటాం. "పెద్దవాళ్ళను అలా అనకూడదు" అని ఒక్క మాట అనేస్తాం. అంతటితో ఆ తలుపు మూసుకుంటుంది. బంధువులు వచ్చినప్పుడు పిల్ల దూరం జరిగితే "మావయ్యకు ముద్దు పెట్టు, అలిగాడు చూడు" అని ముందుకు తోయడం మన ఇళ్ళలో ఎంత మామూలో మీకు తెలుసు. మావయ్య చాలా మంచివాడే కావచ్చు. తన ఒంటి మీద తన మాట చెల్లదని మాత్రం పిల్ల నేర్చుకుంటుంది. నమస్కారం పెట్టినా మర్యాదే కదా.

నిజంగానే ఒక పిల్ల వచ్చి చెప్పిందనుకోండి. మొదటి నిమిషంలో మనం ఏం చేస్తామన్న దాని మీద చాలా ఉంటుంది. మొహం మాడ్చుకోకుండా వినాలి. "నాకు చెప్పడం మంచిదైంది, ఇందులో నీ తప్పేం లేదు" అనాలి. "నువ్వెందుకు వెళ్ళావు? ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నవి ప్రశ్నల్లా కనిపిస్తాయి గానీ పిల్లకు తిట్లలా వినిపిస్తాయి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి, నిలబెట్టుకోలేరు. పది మంది ముందు మళ్ళీ మళ్ళీ చెప్పించకండి. కోపంలో ఆ మనిషి ఇంటి మీదికి వెళ్ళకండి, వాడు జాగ్రత్తపడిపోతాడు. అప్పుడే జరిగిన సంగతైతే స్నానం చేయించకుండా, బట్టలు ఉతక్కుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ప్రభుత్వాసుపత్రైనా ప్రైవేటుదైనా ఉచితంగా వైద్యం చేయాలని చట్టం. ఎఫ్‌ఐఆర్ ఇంకా కాలేదన్న కారణంతో పరీక్ష ఆపకూడదు.

పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 2012 నవంబర్ 14న, బాలల దినోత్సవం నాడు అమల్లోకి వచ్చింది. దాన్ని గురించి జనంలో ఉన్న భయం, చట్టంలో లేని సంగతుల గురించే ఎక్కువ. పిల్లను స్టేషనుకు ఈడ్చుకెళ్ళాలేమో అనుకుంటారు. పిల్ల ఉన్న ఇంటికే, లేదా పిల్ల ఇష్టపడ్డ చోటికే వచ్చి వాంగ్మూలం తీసుకోవాలి. వీలైనంత వరకు ఎస్ఐ హోదాకు తగ్గని మహిళా అధికారి రావాలి, యూనిఫాం వేసుకోకూడదు. అమ్మో నాన్నో, పిల్ల నమ్మిన ఇంకెవరో పక్కనుండాలి. రాత్రిపూట పిల్లలను స్టేషన్‌లో ఉంచకూడదు. కోర్టులో నిందితుడు పిల్ల కంట పడకుండా చూడాలి. పేరు, ఫోటో, బడి ఏదీ పత్రికల్లో రాకూడదు. ఇవన్నీ ప్రతిచోటా అక్షరాలా జరుగుతున్నాయని నేను చెప్పను. మన బెంగళూరు నేషనల్ లా స్కూల్లోని సెంటర్ ఫర్ చైల్డ్ అండ్ ది లా వాళ్ళు ఆంధ్రప్రదేశ్, కర్ణాటక సహా అయిదు రాష్ట్రాల్లో ప్రత్యేక కోర్టులను పరిశీలించి లోపాలు ఎత్తి చూపారు కూడా. అయినా అడగడానికి మనకు హక్కులున్నాయని తెలిస్తేనే కదా అడుగుతాం. ఇంకో సంగతి. పిల్లల మీద నేరం జరిగిందని తెలిసి కూడా పోలీసులకు చెప్పకపోతే ఆరు నెలల దాకా శిక్ష పడొచ్చు. సంస్థను నడిపేవారు తమ కింది సిబ్బంది చేసింది దాచిపెడితే ఏడాది దాకా. బడి పరువు పోతుందని మూసిపెట్టే యాజమాన్యాలు ఈ ముక్క గోడ మీద రాయించుకోవాలి.

ఇక పెద్ద పిల్లల సంగతి. ఇక్కడే ఆ లెక్క బాగా జటిలం అవుతుంది.

అనంతపురం నుంచి, కర్నూలు నుంచి, చిత్తూరు నుంచి పీయూసీకో ఇంజనీరింగుకో బెంగళూరు వచ్చి పీజీల్లో ఉండే అమ్మాయిలు చాలామంది. బస్టాపులో ఎవడో వెంటపడుతున్నాడు. ఇంట్లో చెప్పారా అంటే దాదాపు ఒకే జవాబు వస్తుంది. "చెబితే చదువు మాన్పించి తీసుకెళ్ళిపోతారు మేడమ్. సంబంధాలు చూడటం మొదలుపెడతారు." తప్పు చేసినవాడు బస్టాపులోనే ఉంటాడు, ఈ అమ్మాయి ఊరికి వెళ్ళిపోవాలి. అందుకే ఆమె చెప్పదు. ఫోన్ విషయంలోనూ అంతే. ఎవరో ఫోటో మార్ఫ్ చేసి బెదిరిస్తున్నారని చెబితే నాన్న ముందు ఫోన్ లాక్కుంటాడు. కాబట్టి ఆ అమ్మాయి బెదిరించినవాడికే డబ్బులు పంపుతుంది, ఇంకో ఫోటో పంపుతుంది, ఊబిలోకి దిగిపోతుంది. భద్రత పేరుతో మనం చెప్పే జాగ్రత్తలన్నీ, త్వరగా ఇంటికి రా, ఆ డ్రెస్ వేసుకోకు, ఆ దారిన పోకు, చివరికి ఒక నేరారోపణ పత్రంలా తయారవుతాయి. ఏదైనా జరిగినప్పుడు ఆమె ఆ జాబితా తీసి తన తప్పులు తానే లెక్కపెట్టుకుంటుంది. 2003లో ఇదే నగరంలో సృష్టి డిజైన్ స్కూలు విద్యార్థినిగా ఉన్న జాస్మిన్ పతేజా 'బ్లాంక్ నాయిస్' అనే ఉద్యమం మొదలుపెట్టింది ఈ నేరభావాన్ని వదిలించడానికే. వేధింపు జరిగిన రోజు వేసుకున్న బట్టలు పంపమని ఆడవాళ్ళను అడిగింది. చీరలు వచ్చాయి, సల్వార్లు వచ్చాయి, స్కూలు యూనిఫారాలు కూడా వచ్చాయి. బట్టల సంగతి అంతటితో తేలిపోవాలి. తేలిందా అంటే, ఏమో.

ఫోటో పేరుతో బెదిరింపు వస్తే చేయవలసింది కష్టమేమీ కాదు. డబ్బు ఇవ్వకూడదు. చాట్ తుడిచేయకూడదు, స్క్రీన్‌షాట్లు తీసుకోవాలి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఆడవాళ్ళు, పిల్లల మీద జరిగే నేరాలకు విడిగా విభాగం ఉంది, పేరు చెప్పకుండానూ ఫిర్యాదు చేయొచ్చు. పద్దెనిమిదేళ్ళ లోపు ఉన్నప్పుడు తీసిన ఫోటోలకు 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది. ఫోటో ఎవరికీ పంపనక్కర్లేదు. మన ఫోన్లోనే దానికి ఒక గుర్తు సంఖ్య తయారవుతుంది, ఈ సేవలో చేరిన కంపెనీలు ఆ సంఖ్యతో వెతికి తీసేస్తాయి.

ఇష్టపడి తిరిగే పిల్లలున్నారు, వాళ్ళ విషయంలో చట్టం మాట దాచి ప్రయోజనం లేదు. పద్దెనిమిది నిండకపోతే ఇద్దరికీ ఇష్టమైనా శారీరక సంబంధం పోక్సో కిందికే వస్తుంది. ఎన్‌ఫోల్డ్ వాళ్ళు అస్సాం, మహారాష్ట్ర, పశ్చిమ బెంగాల్ కోర్టుల 7,064 తీర్పులు చదివి 2022లో ఒక నివేదిక ఇచ్చారు. వాటిలో 1,715, అంటే దాదాపు నాలుగింట ఒకటి, ప్రేమ వ్యవహారాలే. అదే ఏడాది నవంబరులో కర్ణాటక హైకోర్టు ధార్వాడ బెంచి, కనీసం తొమ్మిదో తరగతి నుంచైనా పిల్లలకు ఈ చట్టం గురించి పాఠాలు చెప్పాలని విద్యాశాఖను ఆదేశించింది. సమ్మతి వయసు తగ్గించే సంగతి మళ్ళీ ఆలోచించమని లా కమిషన్‌కూ చెప్పింది. 2023లో లా కమిషన్ తగ్గించవద్దంది. పదిహేడేళ్ళ ఇద్దరు ఇష్టపడితే అబ్బాయిని నేరస్థుడిని చేయడం ఎవరికి రక్షణో నాకు అర్థం కాదు. మీరు ఒప్పుకోకపోవచ్చు. కానీ ఈ చట్టం ఒకటుందని పిల్లలకు ఎఫ్‌ఐఆర్ కాగితం చూశాక తెలియడం న్యాయం కాదని ఇద్దరం ఒప్పుకుంటాం.

అబ్బాయిల దగ్గరికి వద్దాం. 2004లో విజయవాడలో తరగతి గదిలోనే ఒక విద్యార్థిని ప్రాణం తీశాడు ఒకడు. 2008 డిసెంబరులో వరంగల్లులో ఇద్దరు ఇంజనీరింగ్ అమ్మాయిల మీద యాసిడ్ పోశారు. 2022 ఏప్రిల్లో ఇక్కడే, సుంకదకట్టెలో, మళ్ళీ యాసిడ్. మధ్యలో ఎన్నో. అన్నిటి వెనకా అమ్మాయి వద్దనడమే కారణంగా చెప్పారు. వద్దన్నాక ఏం చేయాలో మనం అబ్బాయిలకు ఏ తరగతిలోనూ చెప్పలేదు. సినిమా చెప్పింది. వెంటపడు, ఇంటి ముందు నిలబడు, స్నేహితులతో కలిసి పాట పాడు, చివరి రీలుకు ఒప్పుకుంటుంది అని. వద్దని స్పష్టంగా చెప్పాక కూడా పదేపదే వెంటపడటం, ఫోనులోనో ఇన్‌స్టాలోనో వదలకపోవడం 2013 నుంచి నేరం. ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షను, మొదటిసారికే మూడేళ్ళ దాకా శిక్ష. తొమ్మిదో తరగతిలో ఇది చెబితే అబ్బాయిలు నిజంగా నోరు తెరుస్తారు.

అక్కడ ఒక చిన్న అభ్యాసం చేయిస్తాం. నీకు నచ్చిన అమ్మాయి 'వద్దు' అంది, ఆ సాయంత్రం ఏం చేస్తావో చీటీ మీద రాయి, పేరు వద్దు. చీటీలు విప్పితే, 'మళ్ళీ అడుగుతా', 'వాళ్ళ ఫ్రెండ్‌తో చెప్పిస్తా', 'వేరే నంబర్ నుంచి చేస్తా'. ఒకసారి ఒక చీటీలో 'గ్రౌండుకెళ్ళి చీకటి పడేదాకా బౌలింగ్ వేస్తా' అని ఉంది. తరగతంతా నవ్వింది. నేను మాత్రం ఆ చీటీని బోర్డుకు అంటించాను. తర్వాత అరగంట దాని మీదే మాట్లాడుకున్నాం. బాధ ఎంతసేపుంటుంది, ఎవరికి చెప్పుకోవాలి, ఏడిస్తే ఏమంటారు. అబ్బాయిలకు ఉన్న చిక్కల్లా అదే, వాళ్ళకు కూడా ఆ లెక్క ఉంది. చెబితే నవ్వుతారు.

ఇలాంటి పాఠాలు పనిచేస్తాయా అని అడిగేవాళ్ళకు హర్యానా సంగతి చెబుతాను. అక్కడ బ్రేక్‌త్రూ అనే సంస్థ 314 ప్రభుత్వ బడులతో ఒక ప్రయోగం చేసింది. కొన్ని బడుల్లో ఏడో తరగతి నుంచి రెండున్నరేళ్ళ పాటు ఆడమగ సమానత్వం గురించి పిల్లలతో మాట్లాడారు, మిగతా బడుల్లో మాట్లాడలేదు. ఆర్థికవేత్తలు రెంటినీ పోల్చి 2022లో ఫలితాలు ప్రచురించారు. పాఠాలు విన్న పిల్లల ఆలోచనలు మారాయి, పాఠాలు ఆగిన రెండేళ్ళకు కూడా ఆ మార్పు నిలిచింది. అబ్బాయిలు ఇంటిపనిలో చేయి వేయడం పెరిగింది. గమనించారా, రెండున్నరేళ్ళు. మన బడులు ఏడాదికొకసారి ఒక పీరియడు ఇచ్చి, ఫోటో తీసి, రికార్డులో రాసుకుంటాయి.

మా పాఠాలకు ముందు తల్లిదండ్రులను పిలిచి మాట్లాడతాం. వచ్చేవాళ్ళంతా అమ్మలే. నాన్నలు వచ్చినా గేటు బయట బండి మీదే కూర్చుంటారు. ఒకాయన లోపలికొచ్చి, "మాకు అబ్బాయి కదండీ, మాకెందుకు?" అన్నారు. ఇందాకటి 52.94 శాతం ఆయనకు చెప్పాను. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

కొన్ని నంబర్లు రాసుకోండి. పిల్లలకు ఏ ఆపదైనా 1098, పగలూ రాత్రీ, ఖర్చు లేదు, పిల్లలే స్వయంగా చేయొచ్చు. అత్యవసరమైతే 112. మనసు బాగోలేనప్పుడు మాట్లాడటానికి టెలీ మానస్, 14416. 2022 అక్టోబరులో మొదలైన ఈ సేవకు బెంగళూరు నిమ్హాన్స్ ప్రధాన కేంద్రం, తెలుగులో మాట్లాడొచ్చు. దీనికి ఫోన్ చేయడానికి ఏదో ఘోరం జరిగి ఉండనక్కర్లేదు. ఒక అమ్మాయి వద్దన్నదని నిద్ర పట్టకపోయినా చేయొచ్చు.